రాజమహేంద్రవరపుఁ గోటయు సారంగధరుని కథయు

మా పోలవర ప్రాంతమునుండి రాజమహేంద్రవరము చూడఁబోవు విద్యార్థులకు దారి చూపు పండితులు సాధారణముగా మూఁడు తావులను జూపుదురు. మొదటిది కోటగుమ్మము. రెండవది చిత్రాంగి మేడ యుండె నని చెప్పుకొను స్థలము. మూఁడవది సారంగధరుని కరచరణములు ఖండింపఁబడె నని జనులు చెప్పెడు సారంగధరమెట్ట. రాజరాజనరేంద్రుఁ డిచ్చట రాజ్య మేలె ననియు, నన్నయభట్టారకుఁ డిచ్చట భారతాంధ్రీకరణమున కుపక్రమించె ననియుఁ జెప్పిన నోటితోనే, ఆ రాజు నిరపరాధియైన కొడుకును హింసింపించె ననియు, ఆ కొడుకే సిద్ధుఁడై నన్నయ వ్యాకరణమును గాపాడె ననియుఁ జెప్పుదురు. విద్యార్థు లీ నాలుగు మాటలను సమప్రమాణములుగాఁ గొని యింటికి వత్తురు. వీనిలో మొదటి రెండును శాసనములచేతను గావ్యముచేతను సిద్ధములు. తక్కిన రెండు నట్టివి కావు. ఆ భేదమును జూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఇది చరిత్రకారులకు విడిచిపెట్టఁదగిన విషయ మని శాబ్దికులు తలంపరాదు. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృత మనుటకు మనము చెప్పుకొను గురుపరంపర సారంగధరునిమీఁద నిలిచి యున్నది. సారంగధరుఁడు రాజరాజు కొడుకు కానిచో నా పరంపర గతి యేమి? పరంపర పోయినచో వ్యాకరణప్రామాణ్యము గూడఁ బోవునా? పాఠశాలలో సంధి చెప్పు పండితుఁడును దీనికి సమాధానము చెప్పుకొనవలసినవాఁడే.

కోట

రాజమహేంద్రవరము తూర్పుచాళుక్యులనాఁడు వెలసిన నగరము. రాజమహేంద్రుఁ డనునది యా వంశమున నమ్మరాజునకుఁ గల బిరుదము. దానినుండియే నగరమునకుఁ బేరు వచ్చె నని చరిత్రకారుల యభిప్రాయము. కావున నగరనామము రాజరాజనరేంద్రునికంటెఁ బూర్వమైనది. ఆతని పేరునుబట్టి కలిగినది కాదు. ఈ యంశము ముందు మనకుఁ బనికివచ్చును. 2015లోఁ బ్రభుత్వము వ్యవహారమున నున్న రాజమండ్రి యను రూపమును మాన్పి పూర్ణరూపమునే యధికారికముగా మరల నిలిపినది.

కోట యనేకుల చేతులు మాఱినది. 1324లోఁ దుగ్లకుల యధికారమున వెలసిన మసీదు నేఁటికిని నగరమధ్యమునఁ గలదు. దాని పారసీకశాసనము ద్వారముపై నున్నది. పిమ్మట రెడ్డిరాజు లేలిరి. వారిలో వీరభద్రారెడ్డికి శ్రీనాథుఁడు కాశీఖండము నంకితము చేసెను. వారి వెనుక గజపతులు, వారి వెనుక గోలకొండ కుతుబ్‌షాహీలు వచ్చిరి. 1758లోఁ జందుర్తి యుద్ధము ముగిసిన తోడనే కోట పరాసువారి చేతినుండి యాంగ్లేయుల వశమయ్యెను. ఇన్ని రాజ్యములు నడిచిన మట్టికోటలో నేఁడు చూచుటకు మిగిలినది స్వల్పము. గోడలపై నగరము పెరిఁగినది. కోటగుమ్మ మన్న చోట గుమ్మము లేదు. అంగళ్లును, బండ్లును, గోదావరికి దిగు జనులును గలరు. అర్థము నశింపఁగా శబ్దము మాత్రము నిలిచినది.

ఓరుగంటికిఁ బోయినవాఁడు స్వయంభూదేవాలయపు నాలుగు తోరణములను జూచును. రాతిని జూచిన కన్ను రాతినిగూర్చియే ప్రశ్నించును: ఎవరు నిలిపిరి, ఎప్పుడు, ఏ పనితనముతో ననును. రాజమహేంద్రవరమున నట్టి యాధారము లేమిచేతఁ జూడవచ్చినవాఁడు కథ నడుగును. చూపువాఁడు కథనే చెప్పును. గోడ లేని చోటఁ గథ యే గోడగా నిలిచిన దనవచ్చును. కావున నీ కోటను జూచుటయందుఁ గన్నులకంటెఁ బుస్తకము లెక్కువ పని చేయవలసి యున్నవి.

శాసనములు

రాజరాజనరేంద్రుఁడు శా. శ. 944వ సంవత్సరమున, అనఁగాఁ గ్రీ. శ. 1022లోఁ, బట్టాభిషిక్తుఁడయ్యెను. ఆ పట్టాభిషేకమునకుఁ దొమ్మిదివందల యేండ్లు నిండిన 1922లోనే రాజమహేంద్రవరమున నాంధ్రేతిహాస పరిశోధకమండలి వెలసి, యా రాజు పేరఁ బట్టాభిషేకసంచికను బ్రకటించెను. రాజరాజు తండ్రి విమలాదిత్యుఁడు. తల్లి మొదటి రాజరాజచోళుని కూఁతురు కుందవ. ఆతని దేవి మొదటి రాజేంద్రచోళుని కూఁతురు అమ్మంగదేవి. వారి కుమారుఁడు రాజేంద్రుఁడు 1070లోఁ జోళసింహాసన మెక్కి కులోత్తుంగచోళుఁ డని ప్రసిద్ధి గాంచెను. రాజరాజునకు రాజ్యార్థమై ప్రతిద్వంద్వియైనవాఁడు సవతితమ్ముఁ డగు విజయాదిత్యుఁడు. ఆ యింటఁ గలహము లేకపోలేదు. కాని యది యన్నదమ్ముల కలహము, తండ్రికొడుకులది కాదు.

సారంగధరుని పేరుగాని, రత్నాంగీచిత్రాంగుల పేరులుగాని యీ వంశపు శాసనములలోఁ గానరావు. అయినను శాసనముల మౌనమును నేను సిద్ధాంతహేతువుగాఁ గొనను. దానధర్మములను జెప్పు తామ్రపత్రము రాజ్యమునకు వచ్చినవారిని బేర్కొనును, రానివారిని విడుచును. అవయవహీనుఁడై యడవి పాలైన కొడుకును శాసనకర్త పేర్కొనకపోవుట వింత కాదని పూర్వపక్షి యనవచ్చును. ఆ మాట న్యాయమైనదే. కావున లేమిని విడిచి కలిమినే చూతము. సారంగధరకథ యెచ్చట మొదలు కనఁబడుచున్నది? అప్పు డా కథలో రాజెవరు, ఊరేది?

కావ్యములు

తెనుఁగున సారంగధరకథను విపులముగాఁ జెప్పిన ప్రాచీనకావ్యము గౌరన ద్విపదగా రచించిన నవనాథచరిత్రము. గౌరన 15వ శతాబ్ది పూర్వార్ధమువాఁడు. శ్రీశైలమందలి భిక్షావృత్తిమఠాధిపతి ముక్తిశాంతుని ప్రేరణమున నీ గ్రంథము పుట్టినది. ఇందు సారంగధరుని తండ్రి మాళవదేశమున మాంధాతపుర మేలు రాజు. ఆతని పేరు రాజమహేంద్రుఁడు. సవతితల్లి కామించుట, కొడుకు నిరాకరించుట, ఆమె నిందమోపుట, తండ్రి యాజ్ఞచేఁ గరచరణములు ఖండింపఁబడుట, సిద్ధుని యనుగ్రహమున నవి మరల మొలచుట, ఆ కుమారుఁడు చౌరంగి యను నాథసిద్ధుఁ డగుట — ఇది కథ. వేంగి లేదు, గోదావరి లేదు, నన్నయ లేఁడు.

చౌరంగినాథుఁడు తెలుఁగువారి సొత్తు మాత్రమే కాఁడు. పంజాబుదేశమున నాతఁడే సియాల్కోట నేలిన సాలివాహనుని కొడుకు పూరన్ భగత్. సవతితల్లి లూణా నిందవలనఁ గాలుసేతులు గోలుపోయి నూతఁ బడవేయఁబడి, గోరక్షనాథునిచే నుద్ధరింపఁబడెను. అంతకుఁ బూర్వమే బౌద్ధగ్రంథములలో నశోకుని కొడుకు కుణాలుఁడు సవతితల్లి తిష్యరక్షిత కుట్రవలనఁ గన్నులు గోలుపోయెను. నాథయోగులు దేశదేశములకుఁ గథను గొనిపోఁగా, నా యా దేశపు జనులు తమ రాజునే యందు నిలిపిరి. ఒక్క కథకు నిందఱు తండ్రులు కనఁబడుచుండఁగా నందొక్కనిని మాత్రము చారిత్రకుఁ డని పట్టుకొనుట యుక్తి కాదు.

మాళవపుఁ గథ గోదావరికి వచ్చిన తెఱఁగును శాబ్దికుఁడు సులభముగా నూహింపఁగలఁడు. కథలోని రాజు రాజమహేంద్రుఁడు. మన నగరము రాజమహేంద్రవరము. వినువాఁడు సమాసమును షష్ఠీతత్పురుషముగా విగ్రహించి, రాజమహేంద్రుని పుర మిదియే గదా యనుకొనెను. ఇచ్చట నేలినవారిలో నెల్లరకుఁ దెలిసిన రాజు భారతకృతిపతి రాజరాజనరేంద్రుఁడు. బిరుదము చూడఁబోయిన నమ్మరాజుది, ప్రసిద్ధి రాజరాజుది, కథ మాళవరాజుది. ఈ మూఁడును గలసి యొక్కటియైనవి. ఒక సమాసవిగ్రహము రాజునకు లేని కొడుకును దెచ్చిపెట్టినది.

17వ శతాబ్దిలోఁ దంజావూరి రఘునాథనాయకుని యాస్థానకవి చేమకూర వేంకటకవి రచించిన సారంగధరచరిత్రమునాఁటికి మార్పు పూర్తియైనది. అందుఁ గథ రాజమహేంద్రవరమునందే నడచును. వేంకటకవి శ్లేషయమకములలో నసమానుఁడు. ఆ కావ్యమును నేను దక్కువ చేయుట లేదు. కవికిఁ గథావస్తువును మార్చుకొను స్వాతంత్ర్యము గలదు. ఆ స్వాతంత్ర్యమును జరిత్రగాఁ జదువుట పాఠకుని దోషము గాని కవిది కాదు. పిమ్మట 19వ శతాబ్దిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి విషాదసారంగధర నాటకమును, 20వ శతాబ్దిలోఁ జలనచిత్రములును గథను బల్లెపల్లెకుఁ జేర్చినవి. 1957నాఁటి సారంగధర చిత్రమును జూచినవారికి రాజరాజనరేంద్రుఁ డనఁగాఁ గృతిపతి కాక, తొందరపడి కొడుకును శిక్షించిన తండ్రియే మనసునకు వచ్చుచున్నాఁడు.

రెండు పూర్వపక్షములు

కొంద ఱిట్లనవచ్చును: గౌరనయే రాజమహేంద్రవరపుఁ గథను మాళవమునకు మార్చెను, స్వదేశపు రాజునకు నింద రాకుండుటకై యట్లు చేసెను. దీనికి సమాధానము: గౌరననాఁటికి రాజరాజు గతించి మూఁడువందల యేఁబదేండ్లు దాఁటినవి, రాజమహేంద్రవరమున రెడ్లరాజ్యము నడచుచుండెను. అంతరించిన వంశమునకు వెఱచి శ్రీశైలమఠమున నున్నవారు కథను దాఁచవలసిన పని లేదు. మఱియు నట్లు దాఁచఁదలఁచినవాఁడు రాజునకు రాజమహేంద్రుఁ డను పేరునే యేల నిలుపును? దాఁచువాఁడు మొదట మార్చునది పేరే కదా.

మఱికొందఱు మెట్ట యున్నదిగదా, సారంగధరేశ్వరుని గుడి యున్నదిగదా, స్థలనామము సాక్ష్యము కాదా యందురు. స్థలనామము సాక్ష్యమే, కాని దేనికి? కథ యచ్చట జనులలో వ్యాపించె ననుటకు సాక్ష్యము. కథ యచ్చట జరిగె ననుటకుఁ గాదు. మా గోదావరితీరముననే యిందుకు దృష్టాంతములు గలవు. ఎగువను బర్ణశాలలో సీతాదేవి చీర లాఱవేసిన గుర్తులని ఱాళ్లమీఁది చారలను జూపుదురు. మా పోలవరమునకు దిగువను బట్టిసమున వీరభద్రుఁడు దక్షాధ్వరధ్వంసానంతరము తన పట్టిసమను నాయుధమును గడిగికొనె నని స్థలపురాణము. వీనిని భక్తితో వినుచున్నాము. అవి చరిత్రయా యని యడుగము. అడుగవలసిన పని లేదు. అవి దేవతలనుగూర్చినవి. రాజరాజన్ననో మనుష్యుఁడు, తేదులు గలవాఁడు, మనకు మహోపకారము చేసినవాఁడు. ఆతనిమీఁద మోపిన యపరాధమునకు సాక్షి నడుగక తప్పదు.

పరదేశపు టుదాహరణ మొకటి యిచ్చట నుపకరించును. వియత్నాముదేశమున హనోయి నగరమునకు సమీపమునఁ గో లోఆ యను ప్రాచీనరాజదుర్గము గలదు. క్రీస్తుపూర్వము మూఁడవ శతాబ్దిలో ఆన్ జువోంగ్ వువోంగ్ అను రాజు దానిని గట్టించె నని వారి యైతిహ్యము. ఒక సువర్ణకూర్మము తన గోటిని రాజునకిచ్చెననియు, దానిని ధనుర్యంత్రమున నమర్పఁగా శత్రువులు నిలువలేకపోయిరనియు, రాజు కూఁతురు మీ చౌ భర్తను నమ్మి యా రహస్యము చెప్పఁగా, శత్రురాజు కొడుకైన యాతఁడు గోటిని హరించెననియు, రాజ్యము పోయిన తండ్రి కూఁతును దనచేతనే చంపెననియుఁ గథ. శిరస్సు లేని శిలారూపమున నా రాజకుమారిని నేఁటికిని గొలుచుచున్నారు. తండ్రిచేతఁ జెడిన సంతానము, అంగహీనమైన రూపము, కోటయొద్దఁ బూజ — మన మెట్టకు నా గుడికి నెంత పోలిక! కాని యచ్చటివారు కథతో నూరకుండలేదు. భూమిని ద్రవ్విరి. 1959లో వేలకొలఁది కంచు బాణపుములుకులు దొరకినవి. ప్రాకారముల కాలమును నిర్ణయించిరి. కోట నిజము, ఆయుధబలము నిజము; కూర్మము కథ. ఏది భూమి చెప్పినదో, ఏది జనులు చెప్పినదో చూడవచ్చినవానికి వేఱువేఱుగాఁ దెలియును. ఆ వివేచనమే మనకుఁ గావలసినది.

శబ్దచింతామణి

ఇఁక వ్యాకరణమునకు వత్తము. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నార్యలతో రచింపఁబడిన తెనుఁగు వ్యాకరణము. సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యని యైదు పరిచ్ఛేదములు గలది. 17వ శతాబ్దిలో నెలకూచి బాలసరస్వతి దీనికిఁ దెనుఁగుటీక రచించెను. 1656లోఁ గాకునూరి అప్పకవి తన గ్రంథమున దీని వృత్తాంతము నిట్లు చెప్పెను: నన్నయ రచించిన యీ వ్యాకరణమును భీమకవి కోపముచే గోదావరిలోఁ గలిపెను, బాల్యముననే దీనిని ముఖస్థము చేసిన రాజకుమారుఁడు సారంగధరుఁడు సిద్ధుఁడై చిరకాలము జీవించి, మతంగగిరియొద్ద బాలసరస్వతి కొసఁగెను.

ఈ వృత్తాంతమునకు రెండు స్తంభములు గలవు. నన్నయకును బాలసరస్వతికిని నడుమ దాదా పాఱువందల యేండ్లు గలవు. అంత కాలము గ్రంథమును మోయుటకు సామాన్యమనుష్యుఁడు చాలఁడు, సిద్ధుఁడు కావలెను. ఇది మొదటి స్తంభము; నాథసంప్రదాయమునుండి వచ్చినది. ఆ సిద్ధుఁడు బాల్యమున నన్నయ సన్నిధి నుండవలెను. అనఁగా రాజరాజు కొడుకు కావలెను. ఇది రెండవ స్తంభము. కథ మాళవమునుండి రాజమహేంద్రవరమునకు వచ్చిన పిమ్మటఁ గాని దొరకదు. కావున నప్పకవి చెప్పిన పరంపర కథాసంక్రమణమునకుఁ దరువాతనే పుట్టఁగలదు గాని పూర్వము పుట్టఁజాలదు. గౌరన యెఱిఁగిన సారంగధరుఁడు తెనుఁగువ్యాకరణమును వల్లించుట కవకాశమే లేదు, ఆతఁడు మాళవుఁడు.

ఇంతమాత్రమున శబ్దచింతామణి నన్నయకృతము కాదని సిద్ధించినదా యనిన, లేదు. సాక్షి తప్పుకొన్నంతమాత్రమున వ్యవహార మోడదు. కాని వేఱు సాక్షులను బిలువవలసి యున్నది. వారును నన్నయపక్షమునకు బలము చేకూర్చుట లేదు. 13వ శతాబ్దిలోఁ దిక్కనకు సమకాలికుఁడైన కేతన యాంధ్రభాషాభూషణమును రచించుచుఁ దనకుఁ బూర్వ మెవ్వరును దెనుఁగునకు లక్షణము చెప్పలేదనెను. దశకుమారచరిత్రమును దిక్కన కంకితము చేసి యాతని యాదరము పొందినవాఁడు, కవిత్రయములో నాద్యుని వ్యాకరణ మున్నచో నెఱుఁగకుండుట యసంభావ్యము. రాజరాజు నారాయణభట్టునకు నందంపూఁడి గ్రామ మిచ్చిన శాసనము నన్నయభట్టు రచన. అందును వ్యాకరణరచనాప్రసక్తి లేదు.

భారతావతారికయందు నన్నయకుఁ గల విపులశబ్దశాసనుఁ డను విశేషణమే యీ నమ్మకమునకు మూలమై యుండును. పతంజలి మహాభాష్యారంభమున వ్యాకరణమును శబ్దానుశాసన మనుటచే, శబ్దశాసనుఁ డనఁగా వ్యాకరణకర్త యని తలంచిరి. శాసధాతువునకు నియమించుట, ఉపదేశించుట యని యర్థములు గలవు. శబ్దములపై విపులమైన శాసనము గలవాఁ డని బహువ్రీహిగాఁ గొన్నచో, భాషను దన ప్రయోగముచే నెలకొల్పినవాఁ డను నర్థము నిరాటంకముగా సిద్ధించును. అది నన్నయకుఁ దగును. సూత్రములు వ్రాసినవాఁడే శాసకుఁ డనుటకు నియమము లేదు; సూత్రకారులు శాసనము నేర్చుకొనునది యట్టి మహాకవి ప్రయోగమునుండియే.

ప్రామాణ్యము మాట

ఇచ్చట విద్యార్థి యడుగును: నన్నయది కానిచో శబ్దచింతామణిని మే మేల చదువవలెను? ఈ ప్రశ్నకు వెఱచియే పలువురు సారంగధరుని విడువకున్నారు. వెఱవఁబని లేదు. లక్ష్యలక్షణములు రెండును గూడినదే వ్యాకరణ మని భాష్యకారుని మతము. లక్షణము లక్ష్యముతో సరిపోయిన ప్రమాణము. లేనిచో నెంత ప్రాచీనుని దైనను సవరింపఁదగినది. మునిత్రయమునందును బాణినికంటెఁ గాత్యాయనుఁడు, కాత్యాయనునికంటెఁ బతంజలి ప్రమాణ మని మనము పాఠము చెప్పుదుము. మన శాస్త్రమునఁ బ్రాచీనతయే ప్రామాణ్యహేతు వైనచో నీ న్యాయము తలక్రిందు కావలెను. మాహేశ్వరసూత్రములు శివుని ఢక్కనుండి వెడలె నని వినుచున్నాము. ఆ కథను నమ్మనివాఁడును బ్రత్యాహారములను వాడక మానఁడు.

శబ్దచింతామణి కర్త యెవరైనను, కవిత్రయప్రయోగమును బరిశీలించి యంతటి భాషను గొలఁది యార్యలలో నిమిడ్చిన ప్రౌఢుఁడు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలువరించునప్పు డా గ్రంథమున కెంత ఋణపడెనో చదివినవారికిఁ దెలియును. ఈ గౌరవము సూత్రములవలనఁ గలిగినది. గోదావరిలో మునిఁగి తేలుటవలనఁ గాదు. గ్రంథమునకు సిద్ధుని యూఁత కావలె ననుట గ్రంథమునందలి యవిశ్వాసమును సూచించుచున్నది.

కావున నా మనవి యిది. సారంగధరమెట్టను జూపవలదని నేను జెప్పుట లేదు. చూపుఁడు, కాని యచ్చట గౌరన పేరు చెప్పుఁడు. మాళవమునుండి యొక కథ యోగులవెంట నడచివచ్చి మన నగరమున నెట్లు నిలిచినదో చెప్పుఁడు. బాలురకు నదియు నద్భుతముగానే యుండును. కోటగుమ్మమున నిలిచి కుందవ పేరు, అమ్మంగదేవి పేరు చెప్పుఁడు; కొడుకు రాజేంద్రుఁడు చోళచక్రవర్తి యైన కథ చెప్పుఁడు. పిమ్మట నగరమందలి రాళ్లబండి సుబ్బారావు పురావస్తుప్రదర్శనశాలకుఁ గొనిపొండు. నగరముక్రింద నణఁగియున్న కోటను శాస్త్రీయముగాఁ బరిశీలింపుఁ డని పురావస్తుశాఖవారిని గోరవలసిన బాధ్యతయు మన సాహిత్యసంస్థలమీఁద నున్నది.

భారతమును దెనిఁగింపుమని యర్థించిన రాజును గొడుకు కాలుసేతులు నఱికించినవానిగా నేఁటేఁట బాలురకుఁ బరిచయము చేయుట యాతనికి మనము చేయఁదగిన ప్రత్యుపకారము కాదు. పక్షాంతరమునకు బలమైన యాధారము గల పండితులు దానిని బ్రకటింతురేని, విమర్శించి గ్రహించుటకు సిద్ధముగా నున్నాను.